ఉప్పు వాసన

రాలేదు. దాక అంచుల వెంట పులుసు నురుగు కట్టింది, నడుమ బుడగలు ఒకదాన్నొకటి తోసుకుంటూ పైకొచ్చి పగులుతున్నాయి, ఆవిరి ఆదిశేషమ్మ ముఖానికి తగిలి చెమటతో కలిసి గడ్డం మీదుగా జారుతోంది. రావలసినది మాత్రం రాలేదు. ఉప్పు చాలని పులుసుకు ఒక పచ్చి వాసన ఉంటుంది, చింతపండు తన పులుపును తానే భరించలేక ముక్కుపుటాలను గిచ్చే వాసన. ఉప్పు కరిగి చేప ముక్కలోకి దిగే క్షణాన ఆ గిచ్చుడు ఆగిపోతుంది. మెంతులూ వెల్లుల్లీ మామిడి చెక్కా తమ తమ చోట్లకు సర్దుకుని కూర్చుంటాయి. అప్పుడు ఆవిరిలోంచి గుండ్రటి వాసన ఒకటి లేస్తుంది. దాన్నే అత్త ఉప్పు వాసన అనేది. ఉప్పుకు వాసన ఎక్కడిదని, సంగం నుంచి కొత్త కోడలిగా వచ్చిన రోజుల్లో ఆమె కొంగు చాటున నవ్వుకుంది; నవ్విన ముక్కుకే ఆ విద్య అబ్బింది. పదిమందికి పెట్టే కుండను వండే మనిషి నాలుకతో చూడరాదు, ఎంగిలవుతుంది, అది అత్త పెట్టిన కట్టడి. నాలుకకు తలుపేస్తే ముక్కు తెరుచుకుంటుందే పిల్లా, అనేది. అత్త పోయింది, కట్టడి పోలేదు. ఓడరేవు రోడ్డు మీద ఈ మెస్సు నడుపుతున్న ఇన్నేళ్ళలో ఆదిశేషమ్మ ఒక్క బొట్టు అరచేతిలో వేసుకుని నాకి ఎరుగదు. ఈ రోజు మొదటి పిడికెడు కల్లుప్పు వేసి, దాకను చెవులు పట్టి ఒకసారి తిప్పి, ఎదురుచూసింది. రాలేదు. ముక్కలు ఎక్కువ పడ్డాయి గదా, చాలలేదేమో అనుకుని ఇంకో పిడికెడు వేసింది. మళ్ళీ తిప్పింది, మళ్ళీ వంగింది. ఆవిరి వేడి మాత్రం తెలిసింది. చెయ్యి మళ్ళీ ఉప్పుజాడీలోకి పోయింది, దాని పాటికది, చీకట్లో గుమ్మం వెతుక్కునే చెయ్యి పోయినట్టు.

"ఏందబ్బా ఈ వాసనా!" గోడ అవతల చిన్నపోలయ్య గొంతు. ఓడరేవులో బస్తాలు దించే ముఠా మనిషి. తలుపు తెరవకముందే వచ్చి అరుగు మీద చేరడం అతనికి లాక్‌డౌనుకు ముందునుంచీ అలవాటు. "మూతికి గుడ్డ గట్టుకోనుండా గూడా లోపలికి దూరి పేగుల్ని పేరు బెట్టి పిలస్తా ఉండాది."

"మూతికాడ ఉండాల్సిన గుడ్డ గడ్డం కిందుండాది నీకు. దూరదా మరి?" అన్నారు ఎవరో. నవ్వులు లేచాయి. ఆ నవ్వుల మధ్య ఆదిశేషమ్మ పిడికిలి జాడీ మీదనే ఆగిపోయింది. గోడకు అవతల ఉన్న వాళ్ళకు అందుతున్న వాసన, దాక మీదికి వంగి ఉన్న తనకు అందలేదు. పీట మీద కూలబడింది. రోట్లో మిగిలిన వెల్లుల్లి తొక్కు వేళ్ళతో నలిపి ముక్కు దగ్గర పెట్టుకుంది. తడి తగిలింది. ఇంగువ డబ్బా మూత తీసింది. మూత తీస్తే వీధి చివరి పిల్లి తుమ్ముతుందని మొగుడు కృష్ణ ఎగతాళి చేసే డబ్బా అది. రేకు చల్లదనం పెదవికి తగిలింది, అంతే. పొద్దున కృష్ణ అరుగంతా బ్లీచింగు నీళ్ళు చల్లి కడిగినప్పుడు, పొడి తక్కువేసినావే అని తాను కసురుకున్నది గుర్తొచ్చింది. తక్కువ పడింది పొడి కాదు. రాత్రి తలస్నానం చేసి తడి జుట్టుతో పడుకున్నందుకు ముక్కు బిగిసిందనుకుంది. ముక్కు బిగియలేదు, గాలి ధారాళంగా పోతోంది, వస్తోంది, ఏమీ తీసుకురాకుండా వస్తోంది, పిల్లలు లేని బడి బస్సులాగా. పొయ్యి వెలిగించకముందు వాలంటీరు పిల్ల వెన్నెల గడప బయట నిలబడి రోజూ అడిగేదే అడిగింది, పిన్నమ్మా జొరమా, దగ్గా, వాసన తెలస్తా ఉండాదా అని. వాసన తెలియకుండా చేపల పులుసు ఎట్టా కాస్తానే, పో తల్లీ, అని తాను నవ్వింది. ఆ నవ్వు ఇప్పుడు వచ్చి ఎదురుగా కూర్చుంది.

చెప్పాలి. ఎవరికి చెప్పాలి? చెబితే ఏమవుతుందో ఎదురు దుకాణం చూస్తే తెలుస్తుంది. పద్మనాభయ్య టీ అంగడి ముందు, జనం పోకుండా పాతిన సరుగుడు గుంజలు ఇప్పటికీ అట్లాగే ఉన్నాయి, అడ్డకర్రలు మాత్రం ఎవరో పొయ్యిలోకి పీక్కుపోయారు. జూన్ మొదట్లో అతన్ని అంబులెన్సులో తీసుకుపోయిన రోజున వీధంతా తలుపులు బిడాయించుకుని కిటికీ సందుల్లోంచి చూసింది. బాగైపోయి తిరిగొచ్చాడు. గుంజలకు చామంతి దండ కట్టి మరీ అంగడి తెరిచాడు, కాస్త తిక్క మనిషి. గ్లాసులు వేడినీళ్ళలో మరిగించి అందరికీ కనబడేట్టు బల్ల మీద బోర్లించాడు. ఒక్కరు రాలేదు. రోజంతా తాను కాచిన టీ తానే తాగి సాయంత్రానికి పొయ్యి ఆర్పేవాడు. పోయిన సోమవారం పొయ్యిని ఆటోలో ఎక్కించుకుని కొడవలూరులో చెల్లెలింటికి వెళ్ళిపోయాడు. గ్లాసులు బల్ల మీదనే బోర్లించి ఉన్నాయి, వాటి అడుగుల్లో బొగ్గు దుమ్ము నల్లగా వలయాలు కట్టింది. రోగం వచ్చి పోయిందనే కాగితం ఇస్తారు గానీ భయం వచ్చి పోయిందనే కాగితం ఎవరూ ఇవ్వరు. టీ అంటే గ్లాసుడు నీళ్ళు. అన్నం మెస్సు అంటే చెయ్యి, గరిటె, విస్తరి, పక్కపక్క కూర్చునే మోకాళ్ళు. గుంజలు ఒకసారి ఈ గుమ్మంలో పడితే ఇంక ఈ దాకలో ఎవరికి కాయాలి?

"సగం సీట్లకే ఎక్కాలంట అబ్బయా మా షిఫ్టు బస్సులో," అంటున్నాడు బయట చిన్నపోలయ్యతో పాటు కూర్చున్న సుశీల్ కుమార్, థర్మల్ ప్లాంటులో కాంట్రాక్టు ఫిట్టరు. "జీతం గూడా సగమేనా సార్ అంటే, అది ముందే చెప్పినాం గదయ్యా అన్నాడు."

"టీవీలో కేసులు పెరిగినాయంటారు, మైకులో అంగళ్ళు తెరుచుకోండంటారు. ఏది నమ్మాల?" అన్నాడు ఇంకొకడు.

"కడుపుని నమ్మరా. కరోనా వచ్చిందంటే ఎన్నాళ్ళుంటాదో డాక్టరన్నా చెప్తాడు. ఆకలి వచ్చిందంటే ఎవుడు చెప్తాడు?" అన్నాడు చిన్నపోలయ్య.

రేవు వైపునుంచి ఓడ కూత ఒకటి పొడుగ్గా సాగి వచ్చింది. ఆ కూత వినబడని నెలలు ఎలా గడిచాయి! మార్చిలో మూసిన తలుపు. షిఫ్టు వ్యాను తిప్పే కృష్ణ, తాళం కాంట్రాక్టరుకు ఇచ్చి వచ్చి, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియని మనిషిలా ఇంట్లో తిరిగిన దినాలు. బీహారు కుర్రాళ్ళు మూటలు నెత్తిన పెట్టుకుని రోడ్డు పట్టుకుని పోతూ, ఆమెను చూసి, అమ్మా మళ్ళీ వస్తాం అన్నట్టు చెయ్యెత్తిన సాయంత్రం. మెడలో గొలుసు పోయిన చోట చర్మం కొన్నాళ్ళు తెల్లగా ఉండి, తరవాత మిగతా మెడలో కలిసిపోయినది. జూన్‌లో తెరవవచ్చన్నారు గానీ కూర్చోబెట్టి పెట్టే ధైర్యం లేక పొట్లాలు కట్టి అమ్మారు. పొట్లంలో పులుసు పులుసు కాదు. ఇవాళ, జూలైలో ఇంత దూరం వచ్చాక, కేసులు పెరుగుతున్నాయని రోజూ చెబుతున్న ఈ రోజుల్లోనే, బెంచీలు కడిగి, మనిషికీ మనిషికీ మధ్య సున్నంతో గీత గీసి, తలుపులు బార్లా తెరుస్తున్నారు. తెల్లవారుజామున పట్టపుపాలెం నుంచి వంజరం తెచ్చిన మనిషి, డబ్బులు తరవాత ఇద్దువులే అక్కా, ముందు తలుపు తియ్యి అంది. ఆ మాటలో ఆమె పడవా ఉంది, ఆమె పొయ్యీ ఉంది. ఒక్క తలుపు మూస్తే ఎన్ని తలుపులు మూతబడతాయో చూసిన కళ్ళే ఇవి. ముక్కు చెప్పకపోతేనేం? జ్వరం లేదు, దగ్గు లేదు. రేపటికి తిరిగి వస్తుందేమో. ఎప్పుడూ మోసం చేయని ముక్కు, ఒక్క పూట అలిగిందేమో.

లేచి లోపలి గదిలోకి పోయింది. ఎందుకు పోతున్నదో తనకు తెలుసు, తెలియనట్టు పోయింది. ట్రంకుపెట్టె అడుగున, మడతల కింద, పాలిథీన్ కవరులో ముడి వేసి ఉంచిన అమ్మ చీర. అమ్మ సంగంలో ఏప్రిల్‌లో పోయింది. కరోనాతో కాదు, ముసలితనంతో, నిద్రలో. పోలీసులు దారి మూశారు, అనుమతి రాలేదు. తమ్ముడు ఫోనులో చూపించాడు. అరచేతిలో పట్టేంత అద్దంలో అమ్మ పాదాలు, పసుపు, కదిలే మనుషులు, ఊగే ఆకాశం, బ్యారేజీ అవతల పెన్న ఇసుక. కర్పూరం వెలిగించారు, వాసన లేదు. సాంబ్రాణి పొగ తెర అంతా కమ్మింది, వాసన లేదు. వాసన లేని చావును మనసు నమ్మలేదు. ఎవరిదో అన్నట్టు చూసి, ఫోను కట్టేసి, బియ్యం కడగడానికి లేచింది. తరవాత బస్సులు తిరిగాక తమ్ముడు తెచ్చిన ఈ ఉతకని చీరను విప్పి ముఖం దూర్చిన నాడే ఆమెకు అమ్మ పోయింది: వక్కపొడి, ఆముదం, ఉడికిన వడ్ల ఆవిరి, పేడ చేతులు కడుక్కున్న పెన్న నీళ్ళు, అన్నీ కలిసిన ఒకే ఒక్క మనిషి. అరిగిపోతుందని భయపడి ఎప్పుడో గానీ ముడి విప్పదు. ఇప్పుడు విప్పింది. చీర రెండు చేతులా ఎత్తి ముఖానికి ఒత్తుకుంది. నూలు గరుకుదనం బుగ్గకు తెలిసింది. అంచు జరీ ఒరుసుకోవడం తెలిసింది. ఇంకా లోపలికి, మడత లోపలి మడతలోకి, ఊపిరి ఆగేదాకా పీల్చింది. గుడ్డ. ఉతకని పాత గుడ్డ. ఉన్నదంతా ఇక్కడే ఉండి కూడా తనకు లేకుండా పోవడం ఏమిటో, పెట్టె ముందు మోకాళ్ళ మీద కూర్చుని ఆమె అర్థం చేసుకోవడానికి ప్రయత్నించింది. కవరు ముడి బిగించి వేసింది, లోపల ఉన్నది తన ఊపిరితో పాడవకుండా. అమ్మను రెండోసారి పంపించి వచ్చినట్టు వంటగదిలోకి వచ్చింది.

పులుసు దగ్గర పడింది. మంట తగ్గించి, దాక వైపు చూస్తూ నిలబడింది. ఎంత ఉప్పు పడిందో చేతికి లెక్క లేదు. బయట మాటలు, బెంచీలు జరిపే చప్పుడు, కృష్ణ ఎవరితోనో, చేతులు కడుక్కోండబ్బా, సబ్బు అరగదులే, అంటున్న గొంతు. చాలా నెలల తరవాత ఆ గొంతులో కాస్త మగతనం వచ్చి చేరింది. ఆమె చూపుడువేలు ముందుకు పోయింది. అత్త ఎక్కడో చూస్తున్నట్టే అనిపించింది. కృష్ణకు అమ్మ అయిన ఆ మనిషి, చనిపోయేదాకా ఒక్కనాడు కోడలి పులుసును మెచ్చుకోని మనిషి. కృష్ణా అంతే. బాగుంది అంటాడు. అమ్మ కాసినట్టు లేదు అని ఏనాడూ అనలేదు, అమ్మ కాసినట్టుంది అనీ అనలేదు. అనని ఆ మాట కోసమే ఇన్నేళ్ళూ ఈ పొయ్యి ముందు వంగిందేమో. వేలు పులుసులో ముంచింది. చురుక్కుమంది. నాలుక మీద పెట్టుకుంది. జీవితంలో మొదటిసారి ఎంగిలి చేసిన కుండ, ఆమెకు ఏమీ చెప్పలేదు. వేడి. తడి. పులుపు లేదు, కారం ఎక్కడో దూరాన మంటగా ఉన్నదే తప్ప రుచిగా లేదు, ఉప్పు అసలే లేదు. నోట్లో వేలు తప్ప ఏమీ లేదు. కట్టడి చెడింది, ఫలం దక్కలేదు.

అప్పుడు పెరటి తడిక కిర్రుమంది. సమాధానం వచ్చాడు. ఆమె గుండెల్లో ఏదో నిలదొక్కుకుంది. అవును, సమాధానమన్న ఉన్నాడు గదా. రేవు దగ్గర బొగ్గు నిలవచేసే యార్డుకు రాత్రి కావలి. డ్యూటీ దిగి, గుడిసెకు పోయి స్నానం చేసి, మధ్యాహ్నం తలుపు తెరవకముందే పెరటి వైపునుంచి వచ్చి మొదటి విస్తరి ముందు కూర్చుంటాడు. వండినామె నాలుకతో చూడదు గనక, ఎవరో ఒకరు ముందు తిని సరిపోయిందనాలి. ఆ పని అతనికి అప్పగించింది అత్తే. రాత్రంతా నిలబడి ఆకలిగొన్నోడి నాలుక అబద్ధం చెప్పదు, అంది. అప్పగించింది గానీ లోపలికి పిలవలేదు; సమాధానం చర్చికి పోయే మనిషి, మాలపల్లె మనిషి; అతని విస్తరి పెరటి గడప అవతల వేసేది. అతను గడప అవతల కూర్చునే, సరిపోయిందమ్మా, అంటే లోపల దాక దిగేది. ఆ విస్తరి గడప దాటి వంటగది మూలకు, మూలనుంచి బెంచీ మీదికి ఏ ఏడు వచ్చిందో ఎవరికీ గుర్తు లేదు. అత్త మంచాన పడినప్పుడు ఆస్పత్రికి భుజం మీద మోసింది అతనే. లాక్‌డౌనులో అతని జీతం ఆగితే, ఆదిశేషమ్మ ఇంట్లో ఉడికినదాంట్లో ఒక గిన్నె అతని గుడిసెకు పోయేది.

"ఆడనే కూచో అన్నా," అంది, అతను లోపలికి కాలు పెట్టబోతుంటే. "గడప బయట. కొంచెం దూరం."

సమాధానం ఆగాడు. నెరిసిన కనుబొమల కింద కళ్ళు నవ్వాయి. "మళ్ళీ గడప బయటికేనా అమ్మా? పెద్దమ్మ మళ్ళీ పుట్టినట్టుండాదే."

"అట్టా కాదన్నా..." చెప్పాలనే నోరు తెరిచింది. నాకు వాసన తెలియడం లేదన్నా, తినవద్దు, అని చెప్పాలనే. ఆ మాట బయటికి వస్తే అది నిజమవుతుంది. ఇంకొక్క నిమిషం నిజం కాకుండా ఉండనీ. విస్తరి వేసి, అన్నం పెట్టి, చేతికి గుడ్డ చుట్టుకుని, ముఖం పక్కకు తిప్పి పులుసు పోసి, వెనక్కి వచ్చి గోడకు ఆనుకుంది. అతను కళ్ళు మూసుకుని పెదవులు కదిలించాడు. ఆ ప్రార్థన ఇంత పొడుగ్గా ఎప్పుడూ లేదు. ముద్ద కలిపాడు. నోట్లో పెట్టుకున్నాడు. ఆమె అతని దవడ వైపే చూస్తోంది. ఇన్నేళ్ళలో ఎన్నడూ చూడని శ్రద్ధతో, డాక్టరు నోటి వైపు రోగి చూసినట్టు చూస్తోంది. మింగాడు. తల ఊపాడు.

"సరిపోయిందమ్మా."

సరిపోయింది. చేతికి లెక్క లేకపోయినా చెయ్యి తప్పలేదు. ముక్కు లేకపోయినా, నాలుక లేకపోయినా, ఇన్నేళ్ళు వండిన చెయ్యి తన పాటికి తాను గుర్తుపెట్టుకుంది. అయితే తెరవవచ్చు. వడ్డన కృష్ణ చేస్తాడు. తాను లోపలే ఉంటుంది, మూతికి రెండు గుడ్డలు కట్టుకుని, పొయ్యి దగ్గర, ఎవరికీ దగ్గరగా పోకుండా. మరిగిన దాకలో ఏ పురుగు బతుకుతుంది? వెన్నెలకు రేపు చెబుతుంది, కాదు, ఎల్లుండి. ఒక్క వారం తలుపు తెరిచి ఉంటే పట్టపుపాలెం మనిషికి ఇవ్వవలసింది ఇచ్చేయవచ్చు. ఇట్లా ఒక్కొక్క మెట్టే దిగుతూ పోయింది ఆమె మనసు, ప్రతి మెట్టూ నమ్మకంగా కాలికి తగులుతుండగా. సమాధానం రెండో ముద్ద, మూడో ముద్ద తింటున్నాడు. నుదుటి మీద చెమట. పులుసు వేడిది గదా.

"మే, అయిందా? ఇంక ఆగేట్టు లేరు బయట." కృష్ణ లోపలికి వచ్చాడు. పెంచలకోన నరసింహస్వామి పేరు పెట్టుకున్న పెంచలకృష్ణ. భుజాన కొత్త తువ్వాలు, గడ్డం గీసుకున్న ముఖం. పొయ్యి దగ్గరికి వచ్చి, ఎప్పుడూ చేయని పని చేశాడు. పండగ చేసుకునే పిల్లాడిలా గరిటెతో కాస్త అరచేతిలో పోసుకుని గుటుక్కున మింగాడు. మింగి, కళ్ళు పెద్దవి చేసి, పెరట్లోకి పరుగెత్తి ఉమ్మాడు. మళ్ళీ ఉమ్మాడు.

"ఏందిమే ఇది! సముద్రం తెచ్చి పోసినావా? నోట్లో పెట్టుకునేదానికి లేదే! సమాధానమన్నా, నువ్వెట్టా తింటా ఉండావు ఇదీ?"

సమాధానం చెయ్యి విస్తరిలోనే ఆగిపోయింది. పొయ్యిలో పుల్ల ఒకటి విరిగి పడింది. సమాధానం తల ఎత్తి ఆదిశేషమ్మను చూశాడు; ఆమె అతన్ని చూసింది. నూతిలోకి తొంగిచూసిన ఇద్దరికి ఒకే నీళ్ళలో ఒకరి ముఖం పక్కన ఒకరి ముఖం కనిపించినట్టు కనిపించారు.

"మొన్నటినుంచి నాకు ఏ రుచీ తెలవడం లేదమ్మా," అన్నాడు మెల్లగా. "మెస్సు తెరిచేది ఈ దినమే గదా. నేను రాకపోతే ఏమైందని అడగతారు. చెప్తే యార్డులో దించేస్తారు. నీ వాకిట్లో గుంజలు పాతతారు, నేను ఈడ తినే మనిషినని అందరికీ తెలుసు. నీ చేతి పులుసులో ఎన్నడు తప్పుండింది? అందుకని తెలవకుండానే చెప్పినా. అబద్ధమని అనుకోలా."

ఆకలిగొన్నోడి నాలుక. అత్తా, విన్నావా. ఎవరినుంచి ఎవరికి పోయిందో ఇప్పుడెవరు తేలుస్తారు? తాను పంపిన గిన్నె మీదుగా పోయిందో, కడిగి తెచ్చిన గిన్నె మీదుగా వచ్చిందో. ఇన్నాళ్ళూ ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు తిరిగినది అన్నమే అనుకున్నారు.

"నాకూ తెలవడం లేదన్నా," అంది. "పొద్దుటినుంచి."

కృష్ణ ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. తువ్వాలు తీసి మూతికి అడ్డం పెట్టుకోబోయి, సిగ్గుపడి, మళ్ళీ దించాడు. తలుపు వైపు చూసి గొంతు తగ్గించాడు. "నీళ్ళు పొయ్యి. చింతపండు ఇంకొంచెం పిసుకు. ఉర్లగడ్డలు కోసెయ్, ఉప్పు లాగేస్తాయి. సరిపోద్ది."

"ఉప్పుకు సరిపోద్ది."

"ఎవురికి తెలస్తాదిమే? వాళ్ళేమన్నా ముట్టుకోకుండా వచ్చినారా ఈడికి? బస్సులో ఒకడి ఒళ్ళో ఒకడు కూచోని వచ్చినారు. ఊరంతా ఉండాది, మన దాకలోనే కొత్తగా పుట్టిందా? తెరవమని వాళ్ళే చెప్పినారు. తెరవకుంటే ఏం తినాల్నో ఎవుడన్నా చెప్పినాడా?" అతని గొంతు చివరికి వచ్చేసరికి పగిలిపోయింది. "ఒక్క పూట. ఈ ఒక్క పూట పోనీమే."

అతను అన్నదాంట్లో అబద్ధం ఒక్కటీ లేదు. అదే ఆమెను చీల్చింది. ప్రతి మాటా నిజమే, ప్రతి నిజమూ ఆకలిదే. బయట అరుగు మీద చిన్నపోలయ్య ఉన్నాడు. ఇంట్లో చంటిపిల్ల, మంచం మీద తల్లి. అతని దవడ కూడా ఇట్లాగే ఆడుతుంది, సరిపోయిందక్కా అని పోతాడు, ఆ తల్లి పక్కన కూర్చుంటాడు. తన అమ్మను ఫోనులో పంపించుకున్న మనిషి, ఇంకొకరి అమ్మను ఫోనులోకి పంపించడమా. ఆమె కృష్ణ భుజం తట్టడానికి చెయ్యి ఎత్తి, గుర్తొచ్చి, గాలిలోనే దించేసింది. తలుపు దాకా పోయి, తెరవకుండా, చెక్కకు నుదురు దూరంగా పెట్టి నిలబడింది.

"అబ్బయ్యల్లారా, ఈ పూట అన్నం లేదు. నాకు వాసన పోయింది. పొద్దుటినుంచి. దూరంగా పొండి. వెన్నెలకి ఫోను చేసి రమ్మనండి."

మొదట ఎవరికీ అర్థం కాలేదు. తలుపు తియ్యక్కా ఎగతాళి చాల్లే, అన్నారు. తరవాత బెంచీ ఒకటి వెనక్కి పడింది. చెప్పులు వెతుక్కునే చప్పుడు. ఎవరో బూతు మాట ఒకటి అన్నారు, ఆమెను కాదు, కాలాన్ని. పొద్దున్నుంచి ఈడ కూచున్నామే, అని ఎవరో వణికారు. కొన్ని అడుగులు పరుగెత్తాయి. అన్నిటికన్నా వెనక, చిన్నపోలయ్య గొంతు, ఇప్పుడు మూతికి గుడ్డ సరిగా కట్టుకున్నాడేమో, మూగగా వచ్చింది: "పైలం ఆదెక్కా." ఆ తరవాత ఏమీ లేదు. ఒక మధ్యాహ్నపు రోడ్డు, దూరంగా లారీ.

పొయ్యి ఆర్పి, దాక ఒక చెవి గుడ్డతో పట్టుకుంది. ఒక్కతే ఎత్తలేకపోయింది. కృష్ణ ముందుకు రాబోతే, వద్దు, దూరంగా ఉండు, అంది. అప్పుడు సమాధానం చెయ్యి కడుక్కుని, ఏమీ అడగకుండా గడప దాటి లోపలికి వచ్చి రెండో చెవి పట్టుకున్నాడు. ఇంక వాళ్ళిద్దరికీ ఒకరినుంచి ఒకరికి భయం లేదు. ఇద్దరూ పక్కలకు నడుస్తూ, ఒకరి అడుగు ఒకరు చూసుకుంటూ, పెరటి చివర సరుగుడు చెట్ల మొదట్లోకి మోసుకుపోయారు. వంచారు. ఎర్రటి పులుసు ఇసుక మీద పరుచుకుని, నురుగు చిట్లి, లోపలికి ఇంకిపోయింది. వంజరం ముక్కలు, మామిడి చెక్కలు, కరివేపాకు పైన మిగిలిపోయాయి. ఆవిరి ఒక్కసారిగా లేచి, చెట్ల కిందుగా, ఖాళీ రోడ్డు వైపు సాగింది. కాకులు అప్పుడే తెలుసుకున్నాయి. ఎక్కడి కుక్కో తడిక సందులోంచి ముట్టె పెట్టింది. సమాధానం ఖాళీ దాకను ఒళ్ళో పెట్టుకున్నట్టు పట్టుకుని చెట్టుకు ఆనుకుని కూర్చున్నాడు, ఊపిరి కొంచెం బరువుగా తీస్తూ. ఆదిశేషమ్మ అతనికి కాస్త ఇవతల ఇసుకలో కూర్చుంది.

కృష్ణ పెరటి గడప మీద నిలబడి ఉన్నాడు. ముఖం తువ్వాలులో దాచుకున్నాడు; భుజాలు కదులుతున్నాయి.

"ఎట్టుందయ్యా వాసన?" అని అడిగింది ఆమె, అంత దూరంనుంచి.

అతను తువ్వాలు దించాడు. కళ్ళు తుడుచుకుని, గాలి వచ్చే వైపు ముఖం తిప్పి, నిదానంగా, ఇద్దరి కోసమూ అన్నట్టు, గుండెల నిండా పీల్చాడు.

"మా అమ్మ కాసినట్టే ఉందిమే."

ఆదిశేషమ్మ ఇసుక వైపు వంగి మళ్ళీ ఒకసారి గట్టిగా ఊపిరి పీల్చింది.